టిలాండ్సియా పెంపకం: తడపడం సగం పని, ఆరబెట్టడం మిగతా సగం

నర్సరీలలోనూ ఆన్‌లైన్ అంగళ్లలోనూ ‘ఎయిర్ ప్లాంట్స్’ పేరుతో అమ్ముడవుతున్న టిలాండ్సియా మొక్కలకు మట్టి అక్కర్లేదన్నది నిజం. నీళ్లు కూడా అక్కర్లేదన్నది మాత్రం నిజం కాదు. ఈ రెండో మాటను నమ్మి అలమరలో అలంకరణ వస్తువులా పెట్టిన మొక్క కొన్ని నెలల్లో నిలువునా ఎండిపోతుంది. అలా ఒక మొక్కను పోగొట్టుకున్నవారు రెండోసారి జాగ్రత్తపడి పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లుతూ ఉంటారు. ఆ మొక్క పైకి పచ్చగానే కనిపిస్తూ లోపల మొదలు కుళ్లి, ఒక రోజు చేతిలోకి తీసుకోగానే ఆకులన్నీ విడిపోతాయి. చూడటానికి ఇవి రెండు వేర్వేరు పొరపాట్లు. కానీ రెండింటికీ మూలం ఒక్కటే: ఈ మొక్క నీటిని ఎలా తీసుకుంటుందో తెలియకపోవడం. టిలాండ్సియా పూర్తిగా తడవాలి, ఆ తడి కొన్ని గంటల్లోనే పూర్తిగా ఆరిపోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మొక్క దక్కదు. తెలుగు ప్రాంతాల్లో అయితే తడపడం కంటే ఆరబెట్టడం దగ్గరే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తున్నారని చెప్పవచ్చు.

టిలాండ్సియా అనాస కుటుంబానికి చెందిన ప్రజాతి. ఇందులో 600కు పైగా జాతులున్నాయి. అమెరికాలోని వర్జీనియా తీరం మొదలుకొని మెక్సికో, మధ్య అమెరికా దేశాల మీదుగా అర్జెంటీనా, చిలీల వరకు ఇవి సహజంగా పెరుగుతాయి. భారతదేశంలో అడవిలో పుట్టిన టిలాండ్సియా ఒక్కటీ లేదు. ఎక్కువ జాతులు చెట్ల కొమ్మలను, కొన్ని కొండరాళ్లను పట్టుకొని ఉంటాయి. చెట్టు మీద మొలిచినది కనుక చెట్టు రసం పీలుస్తుందని అనుకోవడం మనకు సహజమే, ఎందుకంటే మన మామిడి తోటల్లో బదనిక చేసేది అదే పని. బదనిక తన వేరును కొమ్మలోకి దింపి నీటిని, లవణాలను లాగేసుకుంటుంది. టిలాండ్సియా అలా చేయదు. దాని వేళ్లకు పట్టు కోసం తప్ప మరో పని దాదాపు లేదు. మామిడి మాను మీదే పెరుగుతూ దానికి ఏ హానీ చేయని వాండా ఆర్కిడ్‌ది కూడా ఇలాంటి జీవనమే, అయితే ఆ ఆర్కిడ్ తన లావుపాటి వేళ్లతోనే నీటిని పీల్చుకుంటుంది, టిలాండ్సియా ఆ పనిని కూడా ఆకులకే అప్పగించింది. అందుకే అమ్మకందారులు ఎగుమతికి ముందు దీని వేళ్లను కత్తిరించినా మొక్కకు నష్టం ఉండదు. తీగల్లా వేలాడే స్పానిష్ మాస్ అనే జాతికి ఎదిగాక అసలు వేళ్లే ఉండవు.

ఆకుల మీదే ఆధారపడిన ఈ జీవనం ఎంత దూరం వెళ్లగలదో పెరూ, ఉత్తర చిలీ తీరపు ఎడారులు చూపిస్తాయి. అక్కడ వాన దాదాపు పడదు. పసిఫిక్ సముద్రం మీదినుంచి వచ్చే దట్టమైన పొగమంచు మాత్రం ఇసుక దిబ్బలను తాకి వెళుతుంది. ఆ మంచు తడిని ఆకులతో ఒడిసిపట్టుకొని, వేరు పట్టు కూడా లేకుండా, ఒట్టి ఇసుక మీద కిలోమీటర్ల కొద్దీ పరుచుకొని బతికే టిలాండ్సియాలు అక్కడ ఉన్నాయి. గాలి తప్ప మరేమీ అవసరం లేదన్న ప్రచారం ఇలాంటి మొక్కలను చూసే పుట్టి ఉండాలి. అయితే ఆ గాలి నిండా నీరుంటుందన్న సంగతి ఆ ప్రచారంలో జారిపోయింది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో ఆ నీరు లేదు.

ఆకు నీరు తాగే తీరును ఇంట్లోనే కళ్లారా చూడవచ్చు. బూడిద రంగు టిలాండ్సియా ఆకు ఒకదాన్ని వెలుతురులో పట్టుకొని దాని మీద ఒక నీటి బొట్టు వేస్తే, బొట్టు పడిన చోట కొన్ని క్షణాల్లోనే బూడిద రంగు మాయమై ఆకుపచ్చ తేలుతుంది. ఆకు ఆరగానే మళ్లీ బూడిద రంగే వస్తుంది. ఆ బూడిద రంగు దుమ్ము కాదు, ఆకు నిండా పరుచుకున్న అతి సూక్ష్మమైన పొలుసులు. భూతద్దంలో చూస్తే ఒక్కో పొలుసు గుండ్రని బిళ్లలా, అంచున పలుచని రెక్కతో కనిపిస్తుంది. బిళ్లలోని కణాలు మృతకణాలు, లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. బిళ్ల కింద, ఆకులోకి దిగిన చిన్న కాడలో మాత్రం సజీవ కణాలుంటాయి. పొడిగా ఉన్నప్పుడు రెక్కలు పైకి లేచి ఎండను వెనక్కి కొడతాయి. నీరు తగలగానే ఖాళీ కణాలు ఉబ్బి, రెక్క ఆకుకు అతుక్కున్నట్టు వాలిపోయి, దాని కిందికి నీరు పాకుతుంది. అక్కడినుంచి కాడలోని సజీవ కణాలు ఆ నీటిని ఆకు లోపలికి అందిస్తాయి. ఆరిపోగానే బిళ్ల ముడుచుకొని దారిని మూసేస్తుంది కనుక లోపలికి వెళ్లిన నీరు ఆ దారిన బయటకు రాదు. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ మెజ్ 1904లోనే ఈ పొలుసుల పనితీరును వివరించాడు.

పెంపకానికి సంబంధించిన నియమాలు చాలావరకు ఈ పొలుసు నుంచే పుడతాయి. పొలుసులు మూసుకుపోతే మొక్క నోరు కట్టేసినట్టే కనుక ఆకుల మీద నూనె రాయకూడదు, మెరుపు కోసం అమ్మే ద్రావణాలు చల్లకూడదు, గుడ్డతో గట్టిగా తుడవకూడదు. మొక్కకు ముదురు గులాబీ, నీలం రంగులు పూసి అమ్మే పద్ధతి కూడా ఉంది. ఆ రంగు పొలుసుల మీదే పడుతుంది కాబట్టి అలాంటి మొక్కను కొనకపోవడమే మంచిది.

ఆరడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మొక్క రాత్రిపూట చేసే పనిని గమనించాలి. ఎక్కువ మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలను తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి, ఆ దారిలోనే ఎంతో నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటాయి. నీరు దొరకని చోట పుట్టిన బూడిద రంగు టిలాండ్సియాలు ఆ నష్టాన్ని భరించలేవు. అవి పగలు రంధ్రాలను మూసుకొని, గాలి చల్లబడిన రాత్రివేళ తెరిచి, లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారాక, రంధ్రాలు మూసి ఉండగానే, దాచుకున్న ఆ నిల్వ నుంచి ఎండ సాయంతో చక్కెరలు తయారుచేస్తాయి. కలబంద, బ్రహ్మజెముడు కూడా ఈ పద్ధతిలోనే బతుకుతాయి.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి మొక్కను తడిపితే ఏమవుతుందో ఊహించవచ్చు. పొలుసుల కింద నిలిచిన నీటి పొర రాత్రంతా ఆకును కప్పేసి ఉంటుంది. గాలి లోపలికి వెళ్లవలసిన వేళకే దారి మూసుకుపోతుంది. తడిసిన ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సరిగా తీసుకోలేదని స్పానిష్ మాస్ మీద జరిగిన ప్రయోగాలు నిరూపించాయి. ఒక రాత్రి ఇలా జరిగితే మొక్కకు పెద్ద ఇబ్బంది లేదు, వారాల తరబడి జరిగితే ఆకలితో ఉన్నట్టే. దానికి తోడు రాత్రంతా తడిగా ఉన్న మొదలులో శిలీంధ్రం చేరుతుంది. కాబట్టి తడపవలసిన వేళ ఉదయం. ఎండ ముదరకముందే, ఆరేడు గంటల మధ్య తడిపి, పది, పదకొండు గంటలకల్లా ఆకుల సందుల్లో కూడా చెమ్మ లేకుండా చూడాలి. తీసిన నాలుగు గంటల్లోపు మొక్క ఆరాలన్నది పెంపకందారుల్లో ఎక్కువమంది చెప్పే లెక్క.

తడిపే పద్ధతి చెప్పుకోవడానికి సులువే. వెడల్పాటి ప్లాస్టిక్ లేదా గాజు గిన్నెలో నీరు పోసి మొక్కను 20 నుంచి 30 నిమిషాల పాటు ముంచి ఉంచాలి. తీశాక తలకిందులుగా పట్టుకొని మెల్లగా విదిలించి, ఆకుల మొదళ్లలో నిలిచిన నీటిని కార్చేయాలి. ఆ తర్వాత జల్లి బుట్టలోనో, పొడి తువాలు మీదో పక్కకు వాల్చి, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో ఉంచాలి. టిలాండ్సియా బల్బోసా వంటి జాతుల మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి, లోపల ఖాళీగా ఉంటుంది. సొంత అడవుల్లో ఆ ఖాళీలో చీమలు కాపురముంటాయి. అలాంటివాటిని మొత్తంగా ముంచితే ఆ ఖాళీల్లోకి చేరిన నీరు ఎంత విదిలించినా రాదు కనుక ఆకుల వైపు మాత్రమే నీటిలో ఆడించి తీయాలి. పూత మీద ఉన్న మొక్కను ముంచేటప్పుడు పువ్వు నీటికి పైన ఉండాలి, తడిసిన పువ్వు త్వరగా పాడైపోతుంది.

నీటి విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వాడే బోరు నీరు గట్టి నీరు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునే పొరే దానికి సాక్ష్యం. కుండీలో మొక్కకు ఆ లవణాలను కొంతవరకు మట్టి పట్టి ఉంచుతుంది. టిలాండ్సియాకు మట్టి లేదు. నీరు ఆవిరైన ప్రతిసారీ లవణమంతా పొలుసుల మీదే మిగిలిపోతుంది. కొన్ని నెలలు గడిచేసరికి ఆకు కొసలు గోధుమ రంగుకు మారి, ఆకు మీద గరుకు తెల్లదనం కనిపిస్తుంది. ఆ తెల్లదనం సహజమైన పొలుసుల బూడిద రంగు కాదు, తడిపినా మాయం కాకపోవడమే తేడా. నల్లా ద్వారా వచ్చే మంజీర, కృష్ణా, గోదావరి నీరు బోరు నీటి కంటే చాలా నయం. ఒక రాత్రి మూత లేని గిన్నెలో ఉంచితే క్లోరిన్ వాసన తగ్గిపోతుంది. ఆర్‌ఓ యంత్రం నుంచి తాగడానికి వచ్చే నీరు కూడా పనికొస్తుంది. అదే యంత్రం పక్క గొట్టంలోంచి బయటకు వదిలే నీటిని వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో మొక్కలకు పోస్తుంటారు, అయితే ఆ నీటిలో లవణాలు బోరు నీటి కంటే చిక్కగా ఉంటాయి కాబట్టి టిలాండ్సియాకు దాన్ని దూరంగా ఉంచాలి.

అన్నిటికంటే మేలైనది వాన నీరు. తొలకరి జల్లును ఇంటి కప్పు మీది దుమ్ము కొట్టుకుపోయేదాకా వదిలేసి, ఆ తర్వాతి వానలో ఆరుబయట బకెట్ పెట్టి పట్టుకున్న నీటిని డబ్బాల్లో మూతపెట్టి దాచుకుంటే, నెలకు ఐదారు మొక్కలను ముంచడానికి పెద్దగా ఖర్చయ్యేది కాదు. ఒకసారి ముంచిన నీటిని అదే రోజు మిగతా మొక్కలకు కూడా వాడుకోవచ్చు. పట్టేటప్పుడు కొత్త జింకు రేకుల మీదినుంచి జారిన నీరు కాకుండా చూసుకోవాలి.

రాగి గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో రాగి చెంబు, రాగి బిందె నీటికి ఉన్న గౌరవం ఇక్కడ మొక్క ప్రాణం మీదికి తెస్తుంది. అనాస కుటుంబపు మొక్కలన్నిటికీ రాగి పడదు. ఆకుల ద్వారా సమస్తమూ పీల్చుకునే టిలాండ్సియాలకు అది మరీ ప్రమాదం. రాగి పాత్రలో నిల్వ ఉన్న నీటితో తడపకూడదు, అందంగా ఉంటుందని రాగి తీగతో మొక్కను చుట్టి వేలాడదీయకూడదు. బాల్కనీలోని గులాబీకో నిమ్మకో తెగులు వచ్చిందని రాగి కలిసిన మందులైన బోర్డో మిశ్రమాన్ని గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను గానీ పిచికారీ చేసేటప్పుడు టిలాండ్సియాలను ముందే వేరే గదిలోకి తీసుకెళ్లాలి. ఏసీ గొట్టం నుంచి కారే నీటిని కూడా ఇదే లెక్కలోకి తీసుకోవాలి. ఆ నీటిలో లవణాలు తక్కువే, అందుకే అది వాన నీటితో సమానమని చాలామంది వాడుతున్నారు. కానీ అది తరచుగా రాగి గొట్టాల మీద, దుమ్ము పట్టిన రెక్కల మీద జారి వస్తుంది. దానికి బదులు వాడటానికి వేరే నీరు ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకు చేయాలో తెలియదు.

వారానికి ఎన్నిసార్లు తడపాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి కారణం మన వాతావరణమే. కోస్తా ఒక రకం, దక్కన్ పీఠభూమి మరో రకం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఏడాది పొడవునా గాలిలో తేమ ఎక్కువ. మొక్క దాహంతో చనిపోవడం అక్కడ అరుదు, ఆరక చనిపోవడమే మామూలు. వారానికి ఒక్కసారి ముంచితే సరిపోతుంది, ముదురు బూడిద రంగు జాతులకు పది రోజులకు ఒకసారైనా చాలు. తీసిన మొక్కను మాత్రం తప్పనిసరిగా ఫ్యాన్ కింద పెట్టాలి. వానాకాలంలో బాల్కనీలో వేలాడుతున్న మొక్కకు ఒక పెద్ద వాన మేలే చేస్తుంది, ఎందుకంటే వాన వెలిసి గాలి ఆడితే అది తన పుట్టినింటి వాతావరణమే. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి మూడు, నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు మాత్రం మొక్కను లోపలికి తెచ్చుకోవాలి. ఆగకుండా పడే సన్నని తుంపర టిలాండ్సియాకు కుంభవృష్టి కంటే ఎక్కువ హాని చేస్తుంది.

హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం వైపు లెక్క తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి వీచే రోజుల్లో పిచికారీతో చల్లిన నీరు పొలుసుల కిందికి పాకేలోపే ఆవిరైపోతుంది. రోజుకు మూడుసార్లు చల్లినా మొక్క తాగేది చాలా కొద్ది. ఆ రోజుల్లో తెల్లవారుజామున అరగంట నుంచి గంట వరకు ముంచడం, వారానికి రెండు మూడుసార్లు అలా చేయడం తప్ప వేరే దారి లేదు. ఇంట్లో ఎయిర్ కూలర్ వాడేవారికి ఒక అనుకూలత ఉంది. కూలర్ ఉన్న గదిలో గాలి తేమగానూ చల్లగానూ ఉండటం వల్ల, గాలి నేరుగా మీద కొట్టని మూలలో పెట్టిన మొక్క వేసవిని తేలికగా గట్టెక్కుతుంది. ఏసీ గది అలా కాదు. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది కనుక చల్లగా ఉన్నా మొక్క ఎండుతూనే ఉంటుంది. జూన్‌లో తొలకరి పడ్డాక వారానికి ఒకసారికి తగ్గించవచ్చు. డిసెంబర్, జనవరి నెలల్లో తెలంగాణ ఉదయాలు చల్లగా ఉండి ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి ఎండ కాస్త పైకి వచ్చాక తడపడం మంచిది.

ఏ జాతిని ఎంచుకోవాలన్నది కూడా ఈ వాతావరణ లెక్క నుంచే తేలాలి. టిలాండ్సియా జీరోగ్రాఫికా మెక్సికో దక్షిణాన, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్‌లలో ఏటా 550 నుంచి 800 మిల్లీమీటర్ల వాన పడే పొడి అడవుల్లో పుట్టింది. అంటే దాదాపు అనంతపురం మొదలుకొని హైదరాబాద్ వరకు పడే వానకు సమానం. అక్కడి ఎండలు మన మే నెలంత తీవ్రంగా ఉండవన్నది నిజమే అయినా, వేసవి రెండు నెలలు నీడ పట్టున కాపాడుకుంటే ఈ జాతి మన పీఠభూమికి బాగా సరిపోతుంది. వెండి రంగు వెడల్పాటి ఆకులు వంకీలు తిరిగి బంతిలా పెరుగుతుంది. అరచేతిలో ఇమిడే అయొనాంథా జాతి రెండు ప్రాంతాల్లోనూ బతుకుతుంది, ధర కూడా తక్కువ, మొదటిసారి పెంచేవారికి దానికి మించినది లేదు. స్పానిష్ మాస్ కోస్తాలో అలవోకగా పెరుగుతుంది, పీఠభూమిలో వేసవిలో రోజూ తడపవలసి వస్తుంది. దాన్ని గుత్తులు గుత్తులుగా దట్టంగా వేలాడదీస్తే నడుమ భాగం ఆరక నల్లబడుతుంది కనుక పలుచగా విడదీసి వేయాలి. దూదిపింజలా తెల్లగా ఉండి ఫొటోల్లో అందరినీ ఆకర్షించే టెక్టోరమ్ జాతి పెరూ, ఈక్వడార్ కొండలది. చల్లని రాత్రులకు అలవాటుపడిన దాన్ని విజయవాడ వేసవి రాత్రుల్లో బతికించడం చాలా కష్టం.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తూర్పు వైపు కిటికీకి మూడడుగుల లోపల, లేదా మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని బాల్కనీలో పెడితే సరిపోతుంది. ఆకులు పలుచగా, పచ్చగా ఉన్న జాతులకు నీడ కాస్త ఎక్కువైనా పరవాలేదు, వెండి రంగువాటికి ఉదయపు ఎండ కావాలి. స్నానాల గదిలో తేమ ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టమనే సలహా పెద్ద కిటికీలున్న ఇళ్లకు చెప్పినది. ఒక వెంటిలేటర్ తప్ప వెలుతురు రాని మన స్నానాల గదిలో మొక్క తిండి తయారుచేసుకోలేదు, ఆరనూ ఆరదు.

మొక్కను దేనిమీద నిలపాలన్నది చూడటానికి అలంకరణ విషయమే అయినా, దాని మీదే మొక్క ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. గులకరాళ్లు, రంగు ఇసుక, నాచు పరిచిన గాజు గోళాల్లో అమర్చి అమ్మడం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఆ గోళంలో గాలి ఆడదు, కిటికీ దగ్గర పెడితే లోపల వేడి పేరుకుంటుంది, కింది నాచు తడిని పట్టి ఉంచి మొదలును రోజుల తరబడి చెమ్మగా ఉంచుతుంది. బహుమతిగా అలాంటిది వస్తే మొక్కను బయటకు తీసి వేలాడదీయడమే దానికి చేసే మేలు. కొబ్బరి చిప్ప, ఎండిన మామిడి కొమ్మ, సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్ని బాగా కడిగి ఉప్పు పోగొట్టిన కర్ర, ఇనుప జాలి మీద ప్లాస్టిక్ పూత ఉన్న స్టాండు వంటివన్నీ పనికొస్తాయి. కట్టడానికి చేపల గాలానికి వాడే నైలాన్ దారం చాలు. కొబ్బరి పీచు, కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి మొదలుకు తగలనివ్వకూడదు. కట్టేశాక కర్రతో సహా ముంచి తీసేటట్లయితే కర్ర కూడా ఆరాలి కాబట్టి సన్నని కొమ్మను ఎంచుకోవడం తెలివైన పని.

ఎరువు కొద్దిగా చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే 19-19-19 వంటి ఎరువును సంచి మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు కలిపి, వానాకాలంలో నెలకు ఒకసారి ఆ నీటిలో ముంచితే సరిపోతుంది. సూక్ష్మపోషకాలు కలిసిన రకమైతే అందులో రాగి, బోరాన్ ఉన్నాయేమో చూసుకోవాలి. మిద్దె తోటల్లో మంచి ఫలితాలనిచ్చే జీవామృతం, పంచగవ్య వంటివి మట్టిలోని సూక్ష్మజీవుల కోసం తయారైనవి. మట్టే లేని మొక్క ఆకుల మీద వాటి మడ్డి పేరుకొని పొలుసులను మూసేయడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మొక్కకు జబ్బు చేసినప్పుడు అది దాహమా, కుళ్లా అన్నది తేల్చుకోవడం మొదటి పని, ఎందుకంటే ఒకదాని మందు రెండోదానికి విషం. దాహంతో ఉన్న మొక్క ఆకులు లోపలికి ముడుచుకొని, ఆకు నడిమి గాడి మరింత ఇరుకై, కొసలు ఎండిపోతాయి. చేతికి తేలికగా తగులుతుంది, మొదలు మాత్రం గట్టిగానే ఉంటుంది. అలాంటి మొక్కను ఒక ఉదయం నాలుగైదు గంటల పాటు ముంచి ఉంచి, పూర్తిగా ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత మళ్లీ అలాగే చేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. కుళ్లు అలా కాదు. అది మొక్క మొదలు దగ్గర నలుపు లేదా ఊదా రంగు మచ్చగా కనిపిస్తుంది, వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది, నడిమి ఆకును మెల్లగా లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. నడిమి ఆకు ఊడిందంటే పెరిగే మొగ్గ పోయినట్టే. అయినా పారేయడానికి తొందరపడనక్కర్లేదు, పక్కన గట్టిగా ఉన్న పిలక ఉంటే దాన్ని వేరుచేసి కాపాడుకోవచ్చు. కింది వరుస ఆకులు ఒకటీ రెండూ ఎండడం మాత్రం వయసుతో వచ్చేదే, దానికి కంగారు పడవద్దు.

పురుగుల్లో పిండినల్లి, పొలుసు పురుగు ముఖ్యమైనవి. పిండినల్లి ఆకుల మొదళ్లలో తెల్లని దూదిలా చేరుతుంది, చీమలు తిరుగుతుంటే దాని ఉనికిని అనుమానించాలి. అలవాటుగా వేపనూనె పిచికారీ చేస్తే పురుగుతో పాటు ఆకు మీది పొలుసులనూ ఆ నూనె కప్పేస్తుంది. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది పుల్లను ముంచి పురుగును తాకించి, కాసేపాగి మంచినీటితో కడిగితే సరిపోతుంది.

ఈ మొక్కలు ఇంటి గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారం అమ్మకాలకు బాగా ఉపయోగపడుతోంది. 1989లో నాసా మూసిన పెట్టెల్లో కొన్ని కుండీ మొక్కల మీద చేసిన ప్రయోగమే దీనికంతటికీ ఆధారం. మామూలు ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందులు, కిటికీల ద్వారా గాలి మారే వేగానికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు పెట్టవలసి ఉంటుందని తర్వాతి పరిశోధకులు 2019లో లెక్కగట్టారు. టిలాండ్సియాకు గాలితో ఉన్న అసలు సంబంధం మరోటి. గాలిలోని దుమ్ము, లోహాలు దాని ఆకుల మీద చేరి నిలిచిపోతాయి. అందువల్లే బ్రెజిల్‌లో స్పానిష్ మాస్‌ను గాలి కాలుష్యాన్ని కొలిచే సాధనంగా వాడారు. రద్దీ రోడ్డు పక్క బాల్కనీలో వేలాడే మొక్క గాలిని బాగుచేయడం కాదు, ఆ మురికిని తానే మోస్తోంది. అలాంటి చోట నెలకు ఒకసారైనా శుభ్రమైన నీటిని మార్చి రెండుసార్లు ముంచి కడగాలి.

కొనేముందు మొక్క ఎక్కడినుంచి వచ్చిందో అడగడం అవసరం. జీరోగ్రాఫికాను అడవుల నుంచి విచ్చలవిడిగా తెంపుకుపోవడం వల్ల, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో దాన్ని చేర్చారు. గ్వాటెమాలా నర్సరీలు పెంచి ఎగుమతి చేసే మొక్కలు అనుమతి పత్రాలతో వస్తాయి. భారత్‌లోకి ఏ సజీవ మొక్క రావాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. విదేశాల నుంచి వచ్చేటప్పుడు సామానులో రెండు మొక్కలు దాచి తెచ్చుకోవడం ఈ నియమానికి విరుద్ధం, పైగా వాటితో పాటు కొత్త పురుగులూ దిగుతాయి. ఇక్కడే పెంచి, పిలకలు తీసి అమ్మేవారి దగ్గర కొన్న మొక్క మన వేసవిని ఒకసారి చూసినదై ఉంటుంది, ఓడ దిగిన మొక్క కంటే అది బతికే అవకాశం ఎక్కువ.

మొక్క బాగా కుదురుకున్నాక పూతకు వస్తుంది. అయొనాంథా అయితే ముందుగా నడిమి ఆకులన్నీ ఎర్రబడి, ఆ ఎరుపులోంచి సన్నని గొట్టాల్లాంటి ఊదా పూలు, వాటి కొసన పసుపు కేసరాలు పైకి వస్తాయి. పువ్వు కొన్ని రోజులకే వాడిపోయినా ఆకుల ఎరుపు మరికొంత కాలం నిలుస్తుంది. జీరోగ్రాఫికా పూకంకి నెలల తరబడి ఉంటుంది, కానీ అది పూయడానికి ఏళ్లు పడుతుంది. ఒక టిలాండ్సియా తన జీవితంలో పూసేది ఒక్కసారే. గెల వేసిన అరటి పిలకలను పెట్టి తాను తప్పుకున్నట్టే, పూసిన తల్లి మొక్క తన మొదలు దగ్గర పిలకలు వేసి, ఆ తర్వాత ఏడాది, అంతకు పైగా కాలంలో మెల్లగా ఎండిపోతుంది. దీన్ని చూసి తమ పెంపకంలో లోపమని బాధపడనక్కర్లేదు. వాడిన పూకంకిని కత్తిరించి, తల్లికి ఎప్పటిలాగే నీళ్లు ఇస్తూ ఉండాలి, ఎందుకంటే పిలకలు ఆ తల్లి ఆకుల్లోని నిల్వల మీదే పెరుగుతుంటాయి.

పిలకలను విడదీయకుండా వదిలేస్తే అవన్నీ కలిసి ఒక గుత్తిగా పెరిగి, ఒకే ఏడాది రెండు మూడు పూలు కనిపించే అవకాశం ఉంటుంది. కోస్తాలో మాత్రం గుత్తి దట్టమయ్యేకొద్దీ నడుమ గాలి ఆడదు కనుక విడదీయడమే మేలు. పిలక తల్లిలో కనీసం మూడో వంతు, వీలైతే సగం సైజుకు వచ్చేదాకా ఆగి, రెండింటినీ మొదళ్ల దగ్గర పట్టుకొని కిందివైపుగా మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. రాకపోతే బలవంతం చేయక మరో నెల ఆగాలి. ఊడిన చోట ఉన్న పచ్చి గాయం మీద నీరు పడితే అక్కడే కుళ్లు మొదలవుతుంది కాబట్టి రెండు మూడు రోజులు తడపకుండా నీడలో గాలికి ఉంచి, గాయం ఎండి గోధుమ రంగుకు తిరిగాక మొదటిసారి ముంచాలి. చిన్న పిలకలో నీటి నిల్వ తక్కువ కనుక తొలి వేసవి గడిచేదాకా తల్లి మొక్క కంటే వారానికి ఒకసారి ఎక్కువ తడపవలసి ఉంటుంది.